తెడ్డు పట్టిన దివానుగారి చెమట

చిన్న పడవలో చల్లగాలి కావాలంటే, ఆ గాలి ఎవరి రెక్కల్లోంచి రావాలో ఎప్పుడైనా ఆలోచించారా?

పూర్వం ఒక దివానుగారు ఏరు దాటడానికి, నూకాలు అనే పడవ నడిపే ఆమె పడవలో వట్టివేళ్ల తడికలతో గది కట్టించి, పైన తాడు పంకా వేలాడదీయించారు. "పంకా కూడా నువ్వే లాగాలి. అవతలి ఒడ్డు చేరేలోగా నాకు చెమట పట్టిందో, నీ పడవ జప్తు!" అన్నారు.

ఆ పడవే నూకాలుకి కూడు. "ఉన్నవి రెండు చేతులే కదా దొరా! పంకా లాగుతూ తెడ్డేస్తే నా ఒళ్ళు చెమటతో కారిపోదూ?" అంది.

"తెడ్డేసేవాళ్ళకి చెమట కాక పన్నీరు పడుతుందా? అది లెక్కలోకి రాదు, పద!"

నడి ఏట్లో నూకాలు తెడ్డు పక్కన పెట్టి, రెండు చేతులా పంకా లాగింది. లోపల హాయిగా ఉంది. పడవ మాత్రం సముద్రం వైపు కొట్టుకుపోతోంది.

"తెడ్డెయ్యవే!" అని కేకపెట్టారు దివానుగారు.

"ఏస్తే గాలాగిపోద్ది, మీకు చెమట పడద్ది, నా పడవ పోద్ది దొరా!"

దిక్కులేక దివానుగారే తెడ్డందుకున్నారు. ఒడ్డు చేరేసరికి నిలువునా తడిసిపోయారు. "చెమట పట్టింది! పడవ నాది!" అన్నారు రొప్పుతూ.

"తెడ్డేసేవాళ్ళ చెమట లెక్కలోకి రాదన్నారు కదా దొరా," అంది నూకాలు, తాపీగా తాడు చుట్టేస్తూ.

మీరూ చల్లగా కూర్చున్నప్పుడు ఒక్కసారి లేచి, ఆ తాడు మీ చేత్తో లాగండి.