ఉప్పు కింద పెట్టించిన రాకుమారుడు

అది మాఘ శుద్ధ సప్తమి, ఆదివారం, పొద్దు బారెడెక్కిన వేళ. లోహితవర్మ అనే మహారాజుగారి మూడో కొడుకు కేయూరుడు సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని, ఏడు సముద్రాలకావల మాయల కుంభిలుడి దీవిలో కాలుపెట్టాడు. పడవ నడిపింది ఉప్పు పండించేవాళ్ల పిల్ల పగడాలు. దారిలో కేయూరుడు పెళ్లి మాటెత్తితే, "ఉప్పులేని పెళ్లిభోజనం మా ఇంట పెట్టం దొరా" అనేసింది.

లోహితవర్మ రాజ్యంలో ఒకప్పుడు నూరు కుటుంబాలు ఉప్పు పండించేవి. మడుల్లోకి సముద్రపు నీరొచ్చే తూములన్నిటినీ కుంభిలుడు మంత్రంతో మూసేశాడు. ఇక ఉప్పంటే వాడి ఉప్పే. పిడికెడుకి బస్తా ధాన్యమన్నాడు. మర్నాడు రెండన్నాడు. పిల్లలు చప్పిడి గంజి తాగలేక ఏడుస్తుంటే, మహారాణి తానూ ఉప్పు మానేసింది.

పెద్ద రాకుమారుడు సేనతో వెళ్లి వాడి ఉప్పుకుప్పని సముద్రంలో పోయించాడు. ఉన్న ఉప్పూ పోయింది, తూములు మాత్రం తెరుచుకోలేదు. రెండోవాడు బేరమాడబోయాడు. "నచ్చకపోతే ఇంకెక్కడ దొరికితే అక్కడ కొనుక్కో నాయనా" అని నవ్వి, కుంభిలుడు అతని చేతిలో చిటికెడు ఉప్పు పెట్టాడు. అందుకోగానే బానిసై, అక్కడే గంపలు మోస్తున్నాడు.

కేయూరుడు ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న ఎండ్రకాయని తిప్పి నీళ్లలో వదిలాడు. "బాబూ, వాడి ప్రాణం ఉప్పుకుప్పలో లేదు. ముంజేతి మీది చిలకలో ఉంది. తూములు తెరిచే మంత్రం దానికే తెలుసు. దాన్ని వాడు ఎన్నడూ దించడు" అంది ఎండ్రకాయ.

అంతలో కుంభిలుడు వచ్చి ఉప్పున్న చెయ్యి చాపాడు. కేయూరుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఉప్పు చేతికి అందుకోకూడదని మా అమ్మ చెప్పింది. పళ్లెంలో పోసి, రెండు చేతులా కింద పెట్టండి. రాజబిడ్డకి ఒంటిచేత్తో పెడతారా?"

ఎన్నో ఏళ్లుగా జనమే వాడి ముందు వంగారు. వాడు ఎవరికీ మర్యాదగా ఏదీ పెట్టి ఎరగడు. మరో రాకుమారుడు బానిసవుతాడన్న ఆశతో, చిలకని కొమ్మ మీద దించి పళ్లెం పట్టుకుని వంగాడు. కేయూరుడు చటుక్కున చిలకని అందుకున్నాడు.

కుంభిలుడు కాళ్లమీద పడ్డాడు. కేయూరుడు చిలక మెడ నులమలేదు.

"నీ కుప్పలు నువ్వే ఉంచుకో. నీ ఉప్పు మంచిదైతే జనమే నీ దగ్గరికొస్తారు. నువ్వు పెద్దవాడివి కావడం తప్పు కాదు, పక్కవాడి తూము మూయడం తప్పు" అన్నాడు.

చిలక మంత్రం చెప్పింది. నూరు తూములూ తెరుచుకున్నాయి. రెండో అన్న బానిసత్వం వదిలి గంప దించాడు. ఉప్పు పండగానే పగడాలు ఇంట పెళ్లిభోజనం జరిగింది. వాళ్లిద్దరూ అరవై ఏళ్లు రాజ్యమేలారు.

అయినా ఆ వంశం వాళ్లు తలెత్తుకుని చెప్పుకునేది పెళ్లి మర్నాటి పొద్దున్న సంగతి. కొత్తకోడలు నూరు మడుల ఉప్పు నూరు పళ్లేల్లో పోసి నేలమీద వరసగా పెట్టింది. చివర నూటొకటో పళ్లెం కుంభిలుడిది. అత్తగారు, అదే ఉప్పు మానేసిన మహారాణి, వరసంతా నడిచి, తనకు నచ్చిన పళ్లెంలోంచి చిటికెడు తీసుకుని, గంజిలో కలుపుకు తాగింది.