భయపడని పిల్లకు దిష్టి

తిరువేంగళాచార్యులుగారి దగ్గరకు సందేహంతో వెళ్ళినవాళ్ళకు సమాధానం ఓ పట్టాన దొరకదు. బాపట్లలో చాలాకాలం తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆ పెద్దాయన, ఎవరేమడిగినా ముందు "కూర్చో" అంటారు.

ఆయన శిష్యురాలు సుభాషిణి కథలు రాస్తుంది. ఆ ఆదివారం ఉదయం ఆమె చేతిలో ఓ లావుపాటి నవల ఉంది. పాడుబడిన బంగళాలో తిరిగే దయ్యం కథ. ఊరంతా దాన్ని ఆకాశానికెత్తేసింది. చదివాక దీపం ఆర్పడానికి చెయ్యి రాలేదన్నారు కొందరు. సగంలోనే బీరువాలో పెట్టి తాళం వేశామన్నారు మరికొందరు. సాయంత్రం ఆ నవలకు అభినందన సభ. సుభాషిణి అందులో మాట్లాడాలి.

"నాకు ఒక్క పేజీలోనూ భయం వెయ్యలేదు మాస్టారూ," అందామె. "ఎంత ఆశపడి కొనుక్కున్నానో! ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని భయం కోసం కాచుకు కూర్చున్నాను. చివరి అట్ట వచ్చింది. ఇంతమందికి వేసిన భయం నాకెందుకు వెయ్యలేదు? నాలోనే ఏదో లోపం ఉంది. చదవడమే చేతకానిదాన్ని, ఇక కథలేం రాస్తాను?"

పాపం, ఆ పిల్లకు నిజంగానే కలం పక్కన పెట్టేయాలన్నంత దిగులుగా ఉంది.

"కూర్చో," అన్నారు ఆచార్యులుగారు.

అంతలో పక్కవాటా రత్తమ్మ మనవరాలికి అన్నం పెడుతూ వరండాలోకి వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన మూడేళ్ళ మోక్షిత, ముద్ద బుగ్గన పెట్టుకుందే గాని మింగడం లేదు.

"అదిగో బూచాడు! గబుక్కున మింగకపోతే సంచిలో వేసుకుపోతాడు!" అంది రత్తమ్మ కళ్ళు పెద్దవి చేసి.

పిల్ల వీధివైపు ఆసక్తిగా చూసింది. "వాడు అన్నం తిన్నాడా అమ్మమ్మా? పిలువు, ఓ ముద్ద పెడదాం."

రత్తమ్మ నిర్ఘాంతపోయింది. "ఇదెక్కడి చోద్యం ఆచారిగారూ! వీళ్ళమ్మా, మేనమామలూ, నా పిల్లలు నలుగురికి నలుగురూ బూచాడంటే చాలు, నా కొంగులో దూరేవాళ్ళు. బస్సు దిగగానే దీనిమీద ఎవరి కళ్ళో పడ్డాయి."

అంటూనే లోపలికి పరుగెత్తి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకొచ్చి, పిల్లకు దిగదుడిచి, పెరట్లో నీళ్ళు కాగుతున్న పొయ్యిలో వేసింది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలకు ఘాటు రాదంటారు. ఇక్కడ రెండు వాటాలవాళ్ళూ కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గారు. ఆచార్యులుగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఘాటొచ్చిందే! దిష్టి కాదే! మరేమిటమ్మా దీని జబ్బు?" అని రత్తమ్మ బిక్కమొహం వేసుకుని, పిల్లను చంకనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సుభాషిణి దగ్గుతూనే పకపకా నవ్వింది. "బూచాడంటే భయపడకపోతే జబ్బేమిటి మాస్టారూ! పిల్ల నిక్షేపంలా ఉంది."

"నువ్వు వచ్చిందీ దిష్టి తీయించుకోవడానికేగా అమ్మాయ్," అన్నారాయన.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఒళ్ళోని నవలకేసి చూసింది. పొద్దుటినుంచీ గుండెలమీద ఉన్న బరువు దిగినట్టనిపించింది. బరువు దిగగానే, ఎక్కడినుంచి వచ్చిందో గాని, కోపం వచ్చింది.

"అయితే సాయంత్రం సభలో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను," అంటూ లేచింది. "నాకు భయం వెయ్యలేదంటాను. వేసిందన్నవాళ్ళంతా ఒట్టి బడాయికోరులని కూడా అంటాను!"

ఆచార్యులుగారు పక్కవాటా తలుపువైపు చూశారు. లోపల రత్తమ్మ ముద్ద మింగమని పిల్లను ఇంకా బుజ్జగిస్తూనే ఉంది.

"నీ సంగతి నువ్వు చెప్పు తల్లీ, జంకకుండా చెప్పు," అన్నారు మెల్లిగా. "రత్తమ్మగారి బూచాడి జోలికి మాత్రం పోకు. నలుగురు పిల్లలు వాడి చేతిమీదే పెరిగారు."