వంతెన దగ్గర పడిపోయే విమానం

దస్తగిరికి తన అన్న మౌలాలి ఇంటికి పోవాలంటే భయం. అన్నంటే భయం కాదు. అక్కడికి పోయాక తన నోరు ఏం చేస్తుందోనని భయం.

అన్నదమ్ములిద్దరూ పరుపులు కుట్టి బతికే దూదేకులవాళ్లు. అన్న తల్లితో కలిసి పత్తికొండలో, తమ్ముడు ఆదోనిలో. వాళ్ల నాయన పోయిన రోజు దస్తగిరి బళ్లారిలో ఒక పెళ్లివారింటికి పరుపులు కుడుతున్నాడు. కబురు అందగానే బయల్దేరాడు గానీ దారిలో బస్సు చెడిపోయింది. ఊరు చేరేసరికి అంతా అయిపోయి జనం ఇళ్లకు తిరిగి వస్తున్నారు. ఎండాకాలం, శవాన్ని ఇంక ఉంచకూడదని పెద్దలు తొందరపెట్టారు, మౌలాలి సరేనన్నాడు. నాయన గోరీలో పిడికెడు మన్ను వేసే భాగ్యం చిన్న కొడుక్కు దక్కలేదు.

అప్పట్నుంచీ అన్న ఇంటికి ఎప్పుడు పోయినా ఒకటే వరస. పోగానే టీ, పిల్లల చదువుల మాటలు, వానల మాటలు, వదిన వడ్డించిన అన్నం. అంతవరకూ అన్నదమ్ములంటే వీళ్లే అన్నట్టు ఉంటారు. చేతులు కడుక్కుని మంచం మీద కూర్చోగానే అన్న ఒక మాట అంటాడు. దానికి తమ్ముడు ఒక మాట అంటాడు. కాసేపటికి తల్లి గడపలో నిలబడి ఏడుస్తూ ఉంటుంది, దస్తగిరి చెప్పులు వేసుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు మౌలాలికి గుండె ఆపరేషను. కర్నూలు తీసుకుపోవాలి. తల్లి కబురు పంపింది. వాడు ఆపరేషను బల్ల ఎక్కేలోగా ఒకసారి వచ్చి పొమ్మంది, కొట్లాడేదానికైతే రావద్దంది.

దస్తగిరి తన గురువు దగ్గరికి పోయాడు. గురువంటే జమాల్ తాత. దర్గా వెనక గదిలో ఉండే ముసలాయన. ఆయన పాదాల దగ్గర కూర్చుని దస్తగిరి ఏళ్ల తరబడి జపం చేశాడు, గది ఊడ్చాడు, అన్నతో ఇంక కొట్లాడనని ఆయన మీదే చాలాసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్లన్నీ పత్తికొండలో దిగేదాకా బాగానే ఉండేవి.

“నోటికి కట్టే తాయెత్తు ఏమన్నా ఉంటే ఇయ్యి తాతా,” అన్నాడు.

తాత ఎండ వైపు చూశాడు. చేతికర్ర అందుకున్నాడు.

“చెప్పులేసుకో.”

ఏ పెద్ద దర్గాకో తీసుకుపోతాడనుకుని దస్తగిరి తలకు రుమాలు కూడా కట్టుకున్నాడు. తాత బజారు దాటాడు, బస్టాండు దాటాడు, దాని వెనక సందులో ఉన్న వీడియో గేముల కొట్లోకి దూరాడు. గురువు ముందు, శిష్యుడు వెనక. చూసినవాళ్లు ఏమనుకున్నారో గానీ దస్తగిరికి మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

బడులు వదిలే వేళ కాదు కాబట్టి కొట్టు ఖాళీగా ఉంది. ఓనరు రంగన్న ఒక మూల కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. ఎంగిలి చేత్తోనే తాతకు నమస్కారం పెట్టబోయి, ఆగి, తల వంచి ఊరుకున్నాడు. తాత అతన్ని తినమని సైగ చేసి, నేరుగా పోయి ఒక మిషను ముందు నిలబడ్డాడు.

తెర మీద సముద్రం. మేడ మీద నుంచి వాకిలి చూసినట్టు అంతా పైనుంచి కనిపిస్తోంది. అడుగున ఒక చిన్న విమానం. అది ఉన్నచోటే ఉన్నట్టుంది, సముద్రమే కిందికి జారిపోతోంది. ఓడలు, దీవులు పైనుంచి వస్తున్నాయి, కింద మాయమవుతున్నాయి. ఎదురొచ్చే విమానాలను మన విమానం కాలుస్తోంది. తెర కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు.

“తోలు,” అన్నాడు తాత.

దస్తగిరికి అర్థం కాలేదు. తన కష్టం ఏంది, ఈ బొమ్మ విమానం ఏంది? కానీ గురువు మాట. హ్యాండిలు పట్టుకున్నాడు. కుడికి లాగాడు, విమానం కుడికి పోయింది. పైనుంచి గుంపుగా వచ్చిపడ్డ విమానాల్లోంచి దూరి బయటపడింది. బటను నొక్కుతూ పోయాడు, శత్రువులు పేలిపోతూ వచ్చారు. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఇది ముట్టుకోని తనకు ఇంత పనితనం ఉందా అని లోపల చిన్న సంతోషం కూడా కలిగింది.

సముద్రం అయిపోయి నేల వచ్చింది. ఒక నది, నది మీద వంతెన, వంతెనకు రెండు పక్కలా ఫిరంగులు. విమానం కుడివైపుకు పోయింది. గుండు తగిలి పేలిపోయింది.

తెర ఒకసారి నల్లబడి, మళ్లీ సముద్రం వచ్చింది. అడక్కుండానే ఇంకో అవకాశం ఇచ్చే ఆట మంచి ఆటే అనుకున్నాడు దస్తగిరి. మళ్లీ తోలాడు. మళ్లీ వంతెన, మళ్లీ కుడివైపు, మళ్లీ పేలిపోయింది.

ఈసారి పళ్లు బిగించాడు. వంతెన కనబడగానే ఎడమకు పోవాలని ముందే నిశ్చయించుకున్నాడు. కనబడింది. బలమంతా పెట్టి ఎడమకు లాగాడు. విమానం తాపీగా కుడికి పోయి పేలిపోయింది.

“ఇది చెడిపోయింది తాతా. నేను ఎడమకు లాగితే ఇది కుడికి పోతాంది.”

“ముందర బాగానే తోల్తివి గదా?”

“ముందర బాగుండె. ఆ వంతెన కాడికి వచ్చేసరికే సతాయిస్తా ఉంది.”

“ఓహో,” అన్నాడు తాత.

రంగన్న చేయి కడుక్కుని వచ్చి, తెర చూసి, దస్తగిరి చెమట చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. తన దగ్గర డబ్బిచ్చి కొన్న బిళ్ళ మిషనులో వెయ్యందే హ్యాండిలు పని చెయ్యదని చెప్పాడు. ఇంగ్లీషులో వెలుగుతున్నది కూడా ఆ మాటేనన్నాడు.

“మరి ఇంతసేపూ తోలింది ఎవరు?”

“ఎవురూ లేరన్నా. జనం చూసి రావాలని అదే ఆడుకుంటా ఉంటాది. ఎప్పుడు చూడు, అదే దారి. ఆ వంతెన కాడ పడాల్సిందే.”

దస్తగిరి తన అరచేయి చూసుకున్నాడు. ఎర్రగా కందింది. సిగ్గేసింది. తాత మాత్రం తెరను వదల్లేదు. విమానం ఇంకోసారి వంతెన దగ్గరికి వచ్చి ఇంకోసారి పేలిపోయేదాకా చూశాడు.

“వంతెన అవతల ఏముండాది రంగన్నా?”

“అది బిళ్ళ ఏసినోళ్లకే తెలుస్తాది తాతా.”

తాత ఒక బిళ్ళ అడిగి తీసుకున్నాడు. దాన్ని దస్తగిరి చేతిలో పెట్టి వేళ్లు ముడిచాడు. దస్తగిరి మిషను వైపు తిరగ్గానే భుజం పట్టుకుని ఆపాడు.

“ఇక్కడ కాదు,” అని కర్ర ఊతగా వేసుకుంటూ ఎండలోకి వెళ్లిపోయాడు.

పత్తికొండ బస్సులో కూర్చుని దస్తగిరి బిళ్ళను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇత్తడిది. ఒకవైపు చుక్క బొమ్మ, ఇంకోవైపు ఏమీ లేదు. మంత్రం లేదు, అక్షరం లేదు. దీన్ని దారం వేసి కట్టుకోవాలా? నీళ్లలో వేసి ఆ నీళ్లు తాగాలా? ఇక్కడ కాదంటే ఇంకెక్కడ? తనకు తెలిసి పత్తికొండలో ఆ మిషను లేదు. పోనీ, తాత తెలిసే తనను అక్కడ నిలబెట్టాడా, లేక ఆయన కూడా తనలాగే మోసపోయాడా? తాతకు వయసు మీద పడిందేమో అనిపించి, ఆ ఆలోచనకు మళ్లీ తనే చెంపలేసుకున్నాడు. దిగేదాకా ఏమీ తేలలేదు. విసుగొచ్చి బిళ్ళను జేబులో పడేశాడు.

అన్న ఇంట్లో అంతా ఎప్పట్లాగే జరిగింది. టీ వచ్చింది. పిల్లల చదువులు, వానలు అయిపోయాయి. వదిన అన్నం పెట్టింది. మౌలాలి చిక్కిపోయాడు, రెండు ముద్దలకే ఆయాసపడుతున్నాడు. దస్తగిరి అన్నకు నీళ్ల చెంబు అందించాడు. ఈ మనిషితో ఇంక ఏ కొట్లాటా లేదనుకున్నాడు. ప్రతిసారీ అలాగే అనుకుంటాడు.

చేతులు కడుక్కుని మంచం మీద కూర్చున్నారు. మౌలాలి గోడకు ఆనుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

“ఆ పొద్దు నువ్వు టైముకు వచ్చింటే...”

“నువ్వు ఒక్క గంట ఆగింటే...” దస్తగిరి నోరు అప్పుడే మొదలుపెట్టేసింది.

దీని తర్వాత మాట ఏదో అతనికి తెలుసు. దానికి అన్న చెప్పబోయే జవాబు తెలుసు. అమ్మ ఏ మాట దగ్గర గడపలోకి వస్తుందో కూడా తెలుసు. ముఖానికి చెమట పట్టింది. రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

దస్తగిరి ఆగిపోయాడు.

తన వంతు జవాబు నోటిదాకా తెచ్చుకున్న మౌలాలి, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక మింగేశాడు. తల్లి గడపలోకి వచ్చి, ఏడవాలో వద్దో తెలియక చెంగు చేతిలో పట్టుకుని నిలబడింది.

“అన్నా, నాయన్ని దించేటప్పుడు తలవైపు ఎవరు పట్టుకొనింది?”

ఇన్నేళ్లలో అతను ఆ ప్రశ్న అడగలేదు. మౌలాలి తన అరచేతుల్ని చూసుకున్నాడు.

“నేనే. ఇంగెవరు పట్టుకుంటారు? దించినాక అందరూ మన్ను ఏసినారు. నా వంతు నేను ఏసినా. మళ్లా వంగి, నీ పేరు జెప్పి ఇంగో పిడికెడు ఏసినా.”

“ఎన్నడూ చెప్పకపోతివే?”

“చెప్పనిస్తివా?”

దస్తగిరి ఏడ్చాడు. అందరి ముందూ, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ రాత్రి అన్న మంచం పక్కనే పడుకున్నాడు. మర్నాడు అన్నతో పాటు కర్నూలు పోయాడు. ఆపరేషను అయ్యి మౌలాలి కళ్లు తెరిచి, మాట్లాడి, గంజి తాగేదాకా ఆస్పత్రిలోనే ఉండి, అప్పుడు ఆదోని బస్సెక్కాడు.

జమాల్ తాత గది ముందు నీడలో కూర్చుని ఉన్నాడు. అన్న ఎలా ఉన్నాడని గానీ, నోరు ఏం చేసిందని గానీ అడగలేదు. తెలియని ఊరి గురించి అడిగినట్టు అడిగాడు.

“వంతెన అవతల ఏముండాది?”

దస్తగిరి బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

“పిడికెడు మన్ను, తాతా.”

తాత పక్కకు జరిగి, అతనికి నీడలో చోటిచ్చాడు.