కడియానికి పట్టించిన నలుపు

మా గురువుగారు కాళహస్తాచారి గారికి ఒక పద్ధతి ఉండేది. ఎవరు పాత నగ తెచ్చినా ముందు దాన్ని వాళ్ళ చేతికే తొడగమనేవారు. కాసేపు ఊరికే చూసేవారు. ఆ తర్వాతే పనిముట్టు పట్టేవారు. వినుకొండలో ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు నక్షి పని నేర్చుకున్నాను. అదే, వెండి మీదా బంగారం మీదా ఉలితో పువ్వులూ నెమళ్ళూ లేపే పని. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కసారే ఆ పద్ధతి తప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

నా ఒక్కడి మీదేనా, ఈ ఫ్యాషన్ల మీద కూడా మండుతుంది. ఒకప్పుడు అందరికీ అద్దంలా మెరిసే మిషన్ నగలే కావాలి. ముసలమ్మల కడియాలు మోటుగా ఉన్నాయని తెచ్చి కరిగించేశారు. నేను చేరకముందు మా కొలిమిలోనే ఎన్ని కరిగాయో చెప్పలేను. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ ఇళ్ళవాళ్ళే వచ్చి పాతవి కావాలన్నారు. పాతవి ఎక్కణ్ణుంచి వస్తాయండీ, కరిగించింది మీరేగా. ఇక కొత్తవే చేసి, గంధకం నీళ్ళలో ముంచి నల్లబరిచి, అక్కడక్కడా చిన్న సుత్తితో సొట్టలు కొట్టి, వాటికి యాంటిక్ అని పేరు పెట్టడం మొదలైంది. ఓ పెద్ద షాపు వాళ్ళు మాకూ ముప్పై కడియాలు అలా చెయ్యమని చెప్పారు. గురువుగారు వాటిని ముట్టుకోలేదు, నన్ను వద్దనీ అనలేదు.

సొట్టలు కొడుతూనే అడిగాను.

"గురువుగారూ, జనం పాతదనం కావాలంటున్నారు, మనం చేసి ఇస్తున్నాం. ఇందులో తప్పేముందండీ?"

ఆయన ఊదుగొట్టం తుడిచి గూట్లో పెట్టారు.

మర్నాడు పొద్దున ఆయన ఇంకా కొట్టుకి రాలేదు. చెంచమ్మ అని ఓ పెద్దావిడ, ఆవిడ మనవరాలు లిఖిత వచ్చారు. వారంలో ఆ పిల్ల పెళ్ళి. పెద్దావిడ తన చేతి వెండి కడియం తీసి మనవరాలికిచ్చింది. ఆ పిల్ల నాకు ఫోన్‌లో ఓ ఫొటో చూపించింది. నల్లటి కడియం, చుట్టూ నెమళ్ళు.

"దీన్ని ఇలా చెయ్యండి అంకుల్. మా నానమ్మది అసలు పాతదానిలాగే లేదు."

"అరవై ఏళ్ళు తొడిగానే. ఇంకా ఎంత పాతదవ్వాలే?" అంది చెంచమ్మ.

"నీకు తెలీదులే నానమ్మా. పాతవంటే నల్లగా ఉంటాయి."

"నేనూ నల్లగానే ఉన్నాగా. నన్ను తొడుక్కో."

నేనూ నవ్వాను. నవ్వి కడియం తీసుకున్నాను గానీ, ఆవిడ చేతికి మళ్ళీ తొడిగించి చూడలేదు. నేరుగా గంధకం నీళ్ళలో ముంచాను. నల్లబడింది. ఒక పక్క పూలతీగ అరిగిపోయి నున్నగా ఉంది, అక్కడే చిన్న చిన్న సొట్టలు. అవి సాపు చేస్తే గానీ నెమలి కుదరదు. కడియాన్ని బిగించి ఆకురాయి ఎత్తాను.

"ఆపు."

గుమ్మంలో గురువుగారు. వచ్చి కడియం విప్పి, గుడ్డతో తుడిచి, పెద్దావిడ ముందు కూర్చున్నారు.

"ఓసారి తొడుగమ్మా."

ఆవిడ తొడిగింది. అరిగిన పక్క దానంతటదే మణికట్టు లోపలి వైపుకి తిరిగి కుదురుకుంది.

"నేను బతికుండగానే దీనికి మసి పూశారేందయ్యా," అంది.

"ఈ సొట్టలేమిటమ్మా?" అన్నారు గురువుగారు.

"అవా? దీనివే," అంది మనవరాలిని చూపిస్తూ. "పళ్ళొచ్చేటప్పుడు ఏదిచ్చినా పట్టేది కాదు. చంకనెక్కి నా కడియమే కొరికేది. ఇవి పైపళ్ళు రెండు, ఇవి కిందవి. ఆ పక్కవి వాళ్ళ నాన్నవి. వాడు దీనికన్నా రాక్షసుడు."

లిఖిత ఫోన్ పక్కన పెట్టేసింది. నానమ్మ చెయ్యి దగ్గరకి లాక్కుని ఆ సొట్టల్లో బొటనవేలు పెట్టి చూసింది.

"ఈ నలుపు పోతుందా తాతగారూ?"

"రోజూ తొడుక్కుంటే అదే పోతుందమ్మా. పెట్టెలో పడేసిన వెండే నల్లబడుతుంది."

నెమళ్ళు వద్దంది. కడియం తన చేతికే వేసుకుని, నానమ్మని పట్టుకుని మెట్లు దిగింది.

నా చేతిలో ఆకురాయి ఇంకా అలాగే ఉంది. గురువుగారు షాపు కోసం నేను చేసి పెట్టిన కడియాల్లోంచి ఒకటి తీశారు. వెలుతురుకి పట్టి తిప్పారు. నేను కొట్టిన సొట్టల మీద వేలు పెట్టి, నాకేసి చూశారు.

"దీన్నెవరు కొరికార్రా?"