తీతువమ్మ అరవని సాయంత్రం

అనగనగా ఏడు కొండల అవతల, మబ్బులు తొందరగా దిగే ఒక అడవిలో, ఒక తీతువు పిట్ట కొత్తగా కాపురం పెట్టింది. తన పాత వాగు ఎండిపోతే, పిల్లను వెంటబెట్టుకుని అంత దూరం వచ్చింది. పిల్ల పేరు చుక్కి.

తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి, నేల మీదే పిల్లల్ని పెంచుతాయి. అందుకే వాటికి కాపలా ఎక్కువ. ఆకు కదిలినా తీతువమ్మ మెడ చాచి చూసేది. అనుమానం వస్తే గొంతెత్తి "టీ టీ టిటీ" అని అరిచేది. పైగా కొత్త చోటు. ఇక్కడ ఎవరిది నవ్వో, ఎవరిది గుర్రో ఆమెకింకా తెలియదు. తల్లి భయం చూసి చుక్కి కూడా ఎవరితోనూ మాట కలిపేది కాదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పున్నమి నాడు పొద్దు వాలే వేళ అందరూ పాటల బండ దగ్గర చేరతారు. ఆ పూట వేట లేదు. పాడాలనుకున్నవారు బండ కింద ఒక గులకరాయి పెట్టాలి. తాబేలు తాత వరసగా పిలుస్తాడు. వచ్చినవారు వచ్చింది పాడతారు, రానివారు రానిదే పాడతారు.

ఒక పున్నమికి చుక్కి మెల్లగా అంది. "అమ్మా, నేనూ రాయి పెట్టాను."

తీతువమ్మ మెడ చాచింది. "అక్కడ నక్క కూర్చుంటుందే."

"వేట లేదుగా అమ్మా."

"వేట లేదని నక్క కడుపుకు తెలుసా?" అంది కానీ, పిల్ల ముఖం చూసి కాదనలేకపోయింది. ఈ అడవికి వచ్చాక చుక్కి తనంతట తాను అడిగింది ఇదొక్కటే.

తాబేలు తాత పిలిచాడు. చుక్కి బండెక్కింది.

"ఇసుక మీద ఇల్లు మాకు..."

ముందు వరసలో నక్క నోరు తెరిచింది. పళ్లన్నీ కనిపించాయి. "టీ టీ టిటీ" అని తీతువమ్మ అరిచింది. అంతే, ఉడతలు చెట్లెక్కాయి, జింకలు గెంతుకుంటూ పోయాయి, కుందేలు పొదలో దూరింది.

"తల్లీ, అది ఆవులింత," అంది నక్క. "పొద్దున్నే లేచాను. అదీ తప్పేనా?"

అందరూ గొణుక్కుంటూ తిరిగొచ్చారు. చుక్కి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఉడుము నాలుక బయటికి చాపింది. తీతువమ్మ మళ్లీ అరిచింది. మళ్లీ అందరూ పరుగు.

"ఈ పాట వినాలంటే చెవులు చాలవు, కాళ్లు కూడా కావాలి," అంది కుందేలు రొప్పుతూ.

తాబేలు తాత తీతువమ్మ దగ్గరికి వచ్చాడు. "అమ్మాయీ, నీ భయం నాకర్థమైంది. ఇంకోసారి లేచి పరుగెత్తితే మాత్రం వీళ్లు ఇక తిరిగి రారు. పిల్ల ఖాళీ బండ మీద నిలబడుతుంది. ఆ తర్వాత ఎన్ని పున్నములొచ్చినా అది రాయి పెట్టదు."

"సరే తాతా," అంది తీతువమ్మ.

చుక్కి మూడోసారి గొంతు విప్పింది.

"ఇసుక మీద ఇల్లు మాకు, ఎండ మాకు గొడుగు..."

ఆగిపోయింది. తర్వాతి మాట గుర్తురాలేదు. తీతువమ్మకు ఆ మాట తెలుసు. ముక్కు చివర దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నక్క మళ్లీ ఆవులించింది, ముందటికంటే పెద్దగా. జింకలు కాళ్లు సవరించుకున్నాయి. అందరి చూపూ తీతువమ్మ మీదే.

పిల్ల కూడా తల్లినే చూసింది.

 తీతువమ్మకు అరుపూ వచ్చింది, మాటా వచ్చింది. రెండింటినీ మింగేసింది. పొదిగేటప్పటిలా కాళ్లు మడుచుకుని, నేల మీద నెమ్మదిగా కూర్చుంది.

అమ్మ కూర్చోవడం చుక్కి చూసింది. తనూ రెక్కలు సర్దుకుని నిలబడింది. తిరిగి నక్క వైపు చూసింది. ఆ నోరు ఇంకా మూతపడలేదు.

"నక్క మామ నోరు చూడు, నీరు లేని మడుగు," అని పాడేసింది.

 ముందుగా నక్కే నవ్వింది. "మడుగే కానీ, ఎవరూ దిగకండర్రా. అడుగున జారుతుంది." కుందేలు పొర్లి పొర్లి నవ్వింది. ఉడతలు తోకలతో కొమ్మల్ని బాదాయి. ఆ హుషారుకి చుక్కి ఉడుము మీద ఒకటి, తాబేలు తాత మీద ఒకటి కట్టి పాడింది. దిగే సరికి చుట్టూ పిల్లలు మూగారు.

ఇంటికి వెళ్తుంటే చుక్కి అడిగింది. "అమ్మా, నేను పాట మరిచిపోయాను. తెలిసిందా?"

"తెలిసింది."

"మరి అందించలేదే?"

"అందిస్తే నా పాట అయ్యేది తల్లీ."

 "వచ్చే పున్నమికి నువ్వు కొంచెం వెనక కూర్చో అమ్మా," అంది చుక్కి. "అక్కడున్నా నాకు కనిపిస్తావు."

నీతి: తడబడినవారికి కాస్త వ్యవధి ఇస్తే, వారి మాట వారికే దొరుకుతుంది.