నాబ్ తిప్పి చేసిన ప్రార్థన

"అయ్యగారూ, తప్పు ఒప్పుకోవడానికి ఒక మనిషి గుమ్మం దాకా ఎన్నిసార్లు వెళ్ళాలండీ?" అని ఎలీషా అడిగాడు.

అది శనివారం మధ్యాహ్నం. మా బోధకుడు సత్యరత్నం అయ్యగారు ఊరూరా తిరిగే మా సువార్త వ్యాను బండి నీడలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. ఎలీషా ఆయన దగ్గర వాక్యం నేర్చుకుంటున్నవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. గొంతు మంచిదే. మైకు చేతికొస్తే మాత్రం ఒళ్ళు తెలియదు. ముందటి వారం సముద్రపు ఒడ్డున ఈ పల్లెలోనే, తాగుడు మానమని చెబుతూ చెబుతూ సొంత అన్న గిద్యోను పేరెత్తాడు. ఊరంతా విన్నది. ఇంటిముందు వల బాగుచేసుకుంటున్న గిద్యోనూ విన్నాడు. అది తప్పని నేను అప్పుడే అన్నాను. సంఘ పెద్దనైన నా మాట ఎవరూ లెక్కచెయ్యలేదు. అది వేరే సంగతి, నేను మర్చిపోలేదు.

మా సంఘంలో కట్టుబాటు ఒకటుంది. తోడబుట్టినవాడితో మాట లేనివాడు ఆదివారం ప్రభు బల్ల దగ్గర, ప్రభువు పేర అందరం పంచుకునే రొట్టె ముట్టకూడదు. రాజుకైనా కూలికైనా అదే కొలత. ఆ ఆదివారం రొట్టె విరిచే పని అయ్యగారు మొట్టమొదటిసారి ఎలీషాకి అప్పగించారు. అన్నతో మాట కలవకపోతే ఆ పని అతనిది కాదు. అందుకని పొద్దున్నే వెళ్ళి క్షమించమన్నాడు. గిద్యోను తలుపేసుకున్నాడు. ఇతను ఊరుకున్నాడా? కిటికీ దగ్గరికి పోయి, "నిన్ను కూడా నేను క్షమిస్తున్నానన్నా" అని కేకేశాడు. లోపలినుంచి చెంబెడు నీళ్ళు వచ్చి మొహాన పడ్డాయి.

"ఇప్పుడే మళ్ళీ వెళ్ళొస్తానండి" అన్నాడు ఎలీషా. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

"వెళుదువుగాని. ముందు రేపటి రొట్టె కాల్చు" అన్నారు అయ్యగారు.

మా బండిలోనే రెండు మంచాలు, ఒక పొయ్యి, దాని కింద గ్యాస్ ఓవెన్ ఉన్నాయి. సిలిండర్ వెనకవైపు బయట పెట్టెలో ఉంటుంది. బల్లకి రొట్టె మేము సొంతంగా కాల్చుకుంటాం. కాలవ అవతలి సంఘం వాళ్ళు కొట్లో కొన్న బ్రెడ్డు పెడతారు. పేరు చెప్పను, వాళ్ళకి తెలుసు.

మాకు వంట చూసే మార్తమ్మ పిండి కలిపి ఇచ్చింది. అయ్యగారు వెనక్కి వెళ్ళి సిలిండర్ తెరిచారు. లోపల ఎలీషా, సముద్రపు గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుందని కిటికీలన్నీ బిగించాడు. ఓవెన్ నాబ్ తిప్పాడు. ఏ పనికైనా ముందు ప్రార్థన చెయ్యడం మాకు అలవాటు గనక, నాబ్ తిప్పాక తల వంచి కళ్ళు మూశాడు. రొట్టె కోసం మొదలెట్టి అన్న మనసు కరగడం దాకా పోయాడు. ఆమెన్ అని పుల్ల గీశాడు. అది విరిగింది. ఇంకో పుల్ల తీసేసరికి అయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. వాసన తగిలింది. ఆ చెయ్యి పట్టుకున్నారు.

"గీయకు."

నాబ్ కట్టేశారు. వాసన పోవాలని ఎలీషా ఫ్యాను స్విచ్ మీదికి చెయ్యి పోనిస్తే దాన్నీ ఆపారు. తలుపులు, కిటికీలు బార్లా తీయించి అందరినీ కిందికి దింపారు. తానే పోయి సిలిండర్ కట్టేసి వచ్చారు.

కాసేపయింది. ఎలీషా తల లోపలికి పెట్టి, "ఏం వాసన లేదండి, వెలిగిస్తాను" అన్నాడు.

అయ్యగారు మోకాళ్ళ మీద వంగి ముక్కు బండి గడప దగ్గర పెట్టారు. "పొగయితే పైకి పోతుంది నాయనా. ఇది బరువు. కిందికి పోయి మంచాల కింద కూర్చుంటుంది. నిలబడి చూసేవాడికి తెలియదు."

"ఎంతసేపండీ మరి?"

"పోయేదాకా."

"పిండి ఎండిపోతా ఉంది అయ్యగారూ" అంది మార్తమ్మ. "రేపు బల్ల మీద బిస్కెట్లు పెట్టుకుందామా?"

"తడిగుడ్డ కప్పు తల్లీ."

ఇసక మీద ఊరికే నిలబడ్డాం. బండిలోంచి గాలి అటునుంచి ఇటు పోతా ఉంది. ఎలీషా రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. అయ్యగారు ఇంకోసారి వంగి చూసి తల ఊపారు. వెనక్కి వెళ్ళి సిలిండర్ తెరిచి వచ్చారు.

ఎలీషా లోపలికెళ్ళి నాబ్ మీద చెయ్యి వేసి తల వంచబోయాడు.

"చెయ్యి తియ్యి. ప్రార్థన ముందు. పుల్ల తర్వాత. నాబ్ ఆఖర్న."

ఈసారి ప్రార్థన పొట్టిగా అయింది. ఓవెన్ తలుపు దించి, పుల్ల గీసి, మంట బర్నర్ దగ్గర పెట్టి, అప్పుడు నాబ్ నొక్కి తిప్పాడు. నీలం మంట వరసగా పాకింది. కాస్త సేపు నొక్కిపట్టి వదిలాడు. రొట్టె లోపల పెట్టి కిటికీ వెయ్యబోతే అయ్యగారు, "ఉండనీ. మంట కూడా మనం పీల్చే గాలే పీలుస్తుంది" అన్నారు. రొట్టె కాలాక నాబూ సిలిండరూ రెండూ కట్టేసిందాకా ఆయన కదల్లేదు.

ఎలీషా మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. పొద్దు వాలుతుంటే అన్న ఇంటికి నడిచాడు. నేనూ వెనకాల వెళ్ళాను, సంఘ పెద్ద అనేవాడు చూడాలి గనక. గిద్యోను ముంగిట్లో వల ముందేసుకుని ఉన్నాడు. ఎలీషా పోయి నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు.

"ఏం, ఇవాళ మైకు తేలేదా?" అన్నాడు గిద్యోను.

"లేదన్నా."

"తేకపోతే ఆ కొస పట్టుకో. ఊరికే కూర్చున్నావు."

ఎలీషా వల కొస పట్టుకున్నాడు. చీకటిపడేదాకా ఇద్దరూ వల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అది మాట కలవడమా కాదా అన్నది కట్టుబాటులో లేదు.

ఆదివారం మందిరంలో బల్ల పరిచాం. రొట్టె పళ్ళెం పట్టుకుని ఎలీషా నిలబడ్డాడు. అప్పుడు గిద్యోను వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎలీషా అన్న వైపు చూశాడు గాని రొట్టె విరవలేదు. పాట అయిపోయింది. ఇంకో పాట ఎత్తారు, అదీ అయిపోయింది. వస్తే రావాలి, పోతే పోవాలి, ప్రభు బల్ల ముందు ఈ నిలబడటం ఏమిటని అడగడానికి నేను లేచాను. లేవవలసినవాడినే లేచాను.

అయ్యగారు నా పంచె కొస పట్టి కూర్చోబెట్టారు.

"కూర్చో పెద్దాయనా. రొట్టె చల్లారినా రొట్టే గదా."