నాంచారమ్మ అరుగు

అనగనగా, కొండల మీద అడుగుజాడలే దారులుగా ఉన్న కాలంలో, నాంచారి అని ఒక మనిషి ఉండేది.

నాంచారి కొండెక్కి చీపురుపుల్లలు కోసుకొచ్చేది. ఎండబెట్టి, దులిపి, కట్టలు కట్టి ఊళ్లో ఇచ్చేది. గింజలు పెడితే గింజలు, గంజి పోస్తే గంజి. ఏ వాకిలి ఊడ్చినా ఆమె చీపురే ఊడ్చేది. మొగుడు ఏనాడో పోయాడు. కొడుకూ కోడలూ ఒకే వానాకాలంలో జ్వరానికి పోయారు. మిగిలింది మనవరాలు పైడమ్మ. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్ల.

ఒకనాడు మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంటే నాంచారి గుండె అడుగు తప్పింది. కాలికి బందం వేసిన మేక గెంతినట్టు గెంతింది. రెండడుగులు వేసి ఒకటి మరిచిపోయింది, మళ్లీ మూడు ఒక్కసారే వేసింది. కళ్లు చీకట్లు కమ్మాయి. మోపు పారేసి కూలబడింది. కాసేపటికి దానంతట అదే సర్దుకుంది.

ఇంటికొచ్చి చెబితే పక్కింటి అప్పాయమ్మ నవ్వింది.

"భలే జబ్బు పట్టావు వదినా! పనప్పుడు వస్తుంది, చూద్దామంటే ఉండదు. నాకూ కాస్త అప్పివ్వరాదూ?"

నాంచారి నవ్వలేదు. పైడమ్మ ఒళ్లో నిద్రపోతోంది. ఈ పిల్ల తన చేత్తో ఇంత వండుకు తినేదాకానైనా నేనుండాలి కదా, అనుకుంది. అంతకంటే పెద్ద కోరిక ఆమెకు లేదు.

అవతలి ఊళ్లో జోగయ్యగారని వైద్యులుండేవారు. మంచి హస్తవాసి. నాంచారి పిల్లను అప్పాయమ్మకు అప్పగించి బయలుదేరింది. కొండ ఎక్కింది, కొండ దిగింది, వాగు దాటింది. దారంతా గుండె గెంతుతూనే ఉంది.

జోగయ్యగారి ఇంట ఒక పద్ధతి ఉండేది. నడిచొచ్చినవాళ్ల నాడి వెంటనే పట్టరు. కాళ్లు కడుక్కోవాలి, కుండలో నీళ్లు తాగాలి, అరుగు మీద కూర్చుని చెమట ఆరనివ్వాలి. ఆ తర్వాతే చెయ్యి ఇవ్వాలి. నాంచారి కాళ్లు కడుక్కుంది, నీళ్లు తాగింది, కూర్చుంది. చెమట ఆరేసరికి గుండె కూడా సర్దుకుంది.

ఆయన నాడి పట్టి చూశారు.

"బాగానే ఉందే. ఏమీ లేదు. ఇంటికెళ్లు."

"ఇందాక ఉందయ్యా."

"ఇప్పుడు లేదుగా?"

"లేదయ్యా."

నాంచారి లేచింది. వాగు దాటింది, కొండ ఎక్కింది, కొండ దిగింది. దిగుతుంటే మళ్లీ వచ్చింది. రాయిని పట్టుకుని నిలబడిపోయింది.

రెండోసారి వెళ్లినప్పుడు, అది పోకముందే చూపించాలని నాంచారి ఆగకుండా నడిచింది. కొండ ఎక్కింది, కొండ దిగింది, వాగు దాటింది. కాళ్లు కడుక్కోలేదు, నీళ్లు తాగలేదు. తిన్నగా వెళ్లి చెయ్యి చాపింది.

"ఇప్పుడు చూడండయ్యా, ఇప్పుడు!"

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. "ఒళ్లంతా చెమట! ఇలా రొప్పుతూ వస్తే ఎవరి గుండైనా అలాగే కొట్టుకుంటుంది. పో, కూర్చో, ఆరనీ."

కూర్చుంది. ఆరింది. గుండె సర్దుకుంది. నాడి చూసి ఆయన అదే మాట అన్నారు. "ఇప్పుడు లేదుగా?"

"లేదయ్యా," అంది నాంచారి. ఆ మాట అనడానికి కూడా ఓపిక లేదు.

ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. గాలి సోకిందన్నారు. దిష్టి అన్నారు. అప్పాయమ్మ మాత్రం, "పోనీలే వదినా, వాగులో స్నానమైనా అయింది," అంది.

మూడోసారి నాంచారి పైడమ్మను చంకన వేసుకుంది. నెత్తిన ఒక మోపు పుల్లలు పెట్టుకుంది. కొండ ఎక్కింది, కొండ దిగింది, వాగు దాటింది. ఎన్నిచోట్ల కూలబడిందో, ఎన్నిచోట్ల లేచిందో ఆ దేవుడికే తెలియాలి. కాళ్లు కడుక్కుంది, నీళ్లు తాగింది, అరుగు మీద మోపు దించింది.

జోగయ్యగారు బయటికొచ్చారు. "మళ్లీ వచ్చావా? ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

"ఇప్పుడు చూపించుకోవడానికి రాలేదయ్యా. కూర్చోవడానికొచ్చాను."

"ఎంతసేపు?"

"అది వచ్చేదాకా."

ఆయన లోపలికెళ్లిపోయారు. నాంచారి పుల్లలు ముందేసుకుని చీపుళ్లు కట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు వైద్యులవారి భార్య అచ్చమ్మగారు ముగ్గుచిప్పతో వాకిట్లోకొచ్చి ఉలిక్కిపడింది.

"పొద్దున్నే లేచి చీపుళ్ల మొహం చూడాలా? గుమ్మం ముందు ఇదేం దుకాణమే!"

"మీ వాకిలి నేనే ఊడుస్తానమ్మగోరూ. చీపురు మొహం మీరు చూడక్కర్లేదు."

అచ్చమ్మగారు నవ్వాపుకుని లోపలికెళ్లింది. కాసేపటికి పైడమ్మకు పాలన్నం పంపింది.

రోజులు గడిచాయి. అది రాలేదు. ఎండొచ్చింది, వానొచ్చింది, అది మాత్రం రాలేదు. కూర్చుని కూర్చుని నాంచారి నడుము పట్టేసింది. దారిన పోయేవాళ్లు, "ఏమమ్మా, నీ చుట్టం ఇంకా రాలేదా?" అని అడిగేవారు. రాలేదని తల అడ్డంగా ఊపేది. నాకే పిచ్చేమో, నిజంగా ఏమీ లేదేమో అని ఆమెకే అనుమానం పుట్టింది.

ఒక సాయంత్రం దీపం పెట్టే వేళ, అచ్చమ్మగారు తులసికోట దగ్గర నిలబడి ఉండగా, అరుగు మీంచి సన్నగా మాట వినిపించింది. నాంచారి చేతులు జోడించుకుని ఉంది.

"స్వామీ, నా జబ్బును నా దగ్గరకు పంపు తండ్రీ. ఇక్కడున్నప్పుడే పంపు. ఈ పిల్ల ముద్ద కలుపుకోవడం నేర్చేదాకా నన్నుంచు. ఆ తర్వాత నీ ఇష్టం."

అచ్చమ్మగారు దీపం కోటలో పెట్టి అరుగు వైపు తిరిగింది. జబ్బు పోవాలని మొక్కుకునేవాళ్లను ఆ అరుగు మీద ఎందరినో చూసింది. రావాలని మొక్కుకునే మనిషిని చూడలేదు. ఆ రోజు నుంచి తనూ వచ్చి పక్కన కూర్చునేది. ఒత్తులు చేసుకుంటూ నాంచారి చేతుల్ని చూస్తూ ఉండేది.

ఒక పొద్దున ఆ చేతులు ఆగిపోయాయి. సగం కట్టిన చీపురు జారి కింద పడింది. నాంచారి మొహం పాలిపోయింది, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"వచ్చింది అమ్మగోరూ."

అచ్చమ్మగారు లోపలికి పరిగెత్తింది. "ఏమండీ, రండి!"

"పూజలో ఉన్నానే!"

"దేవుడే పిలుస్తున్నాడు, లేవండి!"

జోగయ్యగారు తడిబట్టలతోనే వచ్చి నాంచారి చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు. ఆ మేక ఆయన వేళ్ల కింద గెంతింది. రెండడుగులు, ఒక మరుపు, మళ్లీ మూడు.

"ఎన్నాళ్ల నుంచి తల్లీ ఇలా?"

"మొదటిసారి వచ్చినప్పుడే చెప్పానయ్యా."

ఆయన అరుగు కింది మెట్టు మీద కూలబడ్డారు. ఇలా 'ఇప్పుడు లేదుగా' అని పంపేసిన వాళ్లు ఎవరెవరో, ఏ దారిలో ఉండిపోయారో ఆయనకు తెలియదు. అప్పుడన్నారు, "దీన్ని పూర్తిగా పంపడం నా వల్ల కాదమ్మా. కాస్త నెమ్మదించేలా చేయగలను." తెల్లమద్ది బెరడు పాలలో కాచి తన చేత్తో తాగించారు. ఇక కొండ ఎక్కొద్దన్నారు. ఊరివాళ్లకు కబురు పెట్టి, పుల్లలు వాళ్లే కోసిచ్చేలా చూడమన్నారు. మొదటి మోపు తెచ్చింది అప్పాయమ్మేనట.

నాంచారి బతికింది. ఎప్పుడూ అలసటగానే ఉండేది, కానీ బతికింది. పైడమ్మ పొయ్యి ముట్టించి, అన్నం వార్చి, "నాయనమ్మా, తిందువు రా," అని పిలిచిన ఏటనే, ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని వెళ్లిపోయింది. మా అమ్మ వైపు ఆడవాళ్లమంతా పైడమ్మ సంతతి అంటారు. ఎన్నో తరమో లెక్క తప్పిపోయింది.

ఆ సగం కట్టిన చీపురును అచ్చమ్మగారు పారేయలేదు. అరుగు మీది చూరులో దోపింది. తర్వాత గుండెదడని వచ్చినవాళ్లను ఎవరూ వెనక్కి పంపలేదు. ఆ అరుగు మీదే కూర్చోబెట్టేవారు. వాళ్లు వేచి ఉండి వేచి ఉండి, ఊరికే కూర్చోలేక, ఆ చీపురుకు తలా ఒక పుల్ల చేర్చేవారు.

ఇప్పుడు అక్కడ చిన్న ఆస్పత్రి ఉంది. గుండె నడకను కాగితం మీద గీసే మిషను ఉంది. అది ఒక్కోసారి ఏమీ లేదంటుంది. అయినా అక్కడి నర్సమ్మలు ఇంటికి పొమ్మనరు. "నాంచారమ్మ అరుగు మీద కూర్చోండి, మళ్లీ చూద్దాం," అంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరు గుండె పట్టుకున్నా, ఇప్పుడుందా అని అడగరు. చాప పరిచి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటారు. "రానీ, నేనున్నాగా," అంటారు.

ఆ చీపురు ఇంకా పూర్తి కాలేదు. కథ ఆ అరుగు మీదే కూర్చుని ఉంది. మనం లేచి దీపం పెట్టుకుందాం.